పటాన్‌చెరులో పరదేశి కాపురం

హైదరాబాదు నుంచి పడమటి బాట పట్టి లింగంపల్లి, రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు వస్తుంది. అక్కణ్ణించి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి చేరేదాకా రోడ్డుకు రెండువైపులా ఫ్యాక్టరీ గోడలు, లారీల వరుసలు, మందుల కంపెనీల పొగగొట్టాలు, వాటి మధ్య అక్కడక్కడా మిగిలిపోయిన చేలు కనిపిస్తాయి. బస్సులో పోయేవారికి ఇది ఉత్త పారిశ్రామిక ప్రాంతం. కాని కొంచెం నిదానించి చూస్తే, ఈ ముప్ఫై కిలోమీటర్ల మేరలో ప్రపంచం నాలుగు మూలల నుంచీ వచ్చి సంసారాలు పెట్టుకున్నవారు ఉన్నారని తెలుస్తుంది.

ఈ నేలకు పరదేశులు కొత్త కాదు. సంగారెడ్డికి దగ్గరలోనే ఉన్న కొండాపూర్‌లో 1940 ప్రాంతాల్లో తవ్వకాలు జరిపితే శాతవాహనుల నాటి పట్నం బయటపడింది. ఆ మట్టిలో రోము దేశపు నాణేలు దొరికాయి. అవి తెచ్చిన వర్తకుడు ఏ సత్రంలో దిగాడో, ఏ నీళ్లు తాగాడో, బేరం ఏ భాషలో చేశాడో చరిత్ర చెప్పదు. కాని అతనికీ ఆ ప్రశ్నలన్నీ ఎదురయ్యే ఉంటాయి. రెండు వేల ఏళ్ల తరువాత వచ్చినవారికీ అవే ఎదురవుతున్నాయి.

మన పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో కాపురం పెడితే మొదటి ఆరు నెలలూ మనం ఫోనులో ఏమేమి విన్నామో గుర్తు చేసుకోండి. ఇల్లు దొరకలేదని, బ్యాంకువాళ్లు ఫలానా కాగితం అడిగారని, చలికి పైపులు గడ్డకట్టాయని, పక్కింటివారు పలకరించరని! ఆ కష్టాలే తిరగేసి, మన ఊరికి వచ్చినవారి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పరదేశికి ఇల్లు అద్దెకివ్వబోయే గృహస్థులకు, పరదేశితో కలిసి ఉద్యోగం చేసేవారికి ఇందులో పనికివచ్చే సంగతులు కొన్ని ఉండవచ్చు.

ఎవరు వచ్చారు? ఎందుకు వచ్చారు?

మొదటి విడత 1960లలో వచ్చింది. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ యంత్రాల కర్మాగారాన్ని చెకోస్లోవాకియా సహకారంతో కట్టారు. దానినే ఈనాడు అందరూ బి.హెచ్‌.ఇ.ఎల్‌. అంటున్నారు. ఆ చెకోస్లోవాకియా అన్న దేశమే 1993లో రెండుగా విడిపోయింది గాని, కర్మాగారమూ, దాని చుట్టూ వెలసిన పెద్ద టౌన్‌షిప్పూ అలాగే ఉన్నాయి.

రెండవది, అన్నిటికంటె పెద్దది, ఇక్రిశాట్. పూర్తి పేరు చెప్పాలంటే మెట్టప్రాంత ఉష్ణమండల పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ. 1972లో నెలకొల్పారు. పటాన్‌చెరు పక్కన సుమారు 3,500 ఎకరాల ప్రాంగణం. ఇక్కడే ఎందుకు పెట్టారంటే, వానను నమ్ముకుని బతికే సేద్యానికి ఈ నేల మంచి నమూనా. నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఒకేచోట ఉన్నాయి. వాన ఏడాదికి ఎనిమిది తొమ్మిది వందల మిల్లీమీటర్లు, అదీ నాలుగు నెలల్లో ముగిసిపోతుంది. మొదటి డైరెక్టరు అమెరికావాడైన రాల్ఫ్ కమ్మింగ్స్. 2000 నుంచి 2014 దాకా డైరెక్టరు జనరలుగా పనిచేసిన విలియం దార్ ఫిలిప్పీన్స్ దేశీయుడు. ఆయన తరువాత వచ్చిన డేవిడ్ బెర్గ్‌విన్సన్ కెనడావారు. ఇలా ఎన్నో దేశాల శాస్త్రజ్ఞులు భార్యాబిడ్డలతో వచ్చి ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్నారు.

ఇక్కడొక మాట మరవరాదు. ఆ ప్రాంగణం ఖాళీ నేల కాదు. కాచిరెడ్డిపల్లి, మన్మూల్ అనే రెండు ఊళ్లు అందులో ఉండేవి. సంస్థ కోసం ఆ ఊళ్లవారు ఇళ్లు వదిలి వేరేచోటికి తరలిపోవలసివచ్చింది. దూరదేశాలవారు కొత్తగా కాపురం పెట్టిన చోటే, పుట్టి పెరిగినవారు కాపురం ఎత్తివేశారన్నమాట.

ఆ తరువాత 2008లో ఐ.ఐ.టి. హైదరాబాదు మొదలయింది. మొదట ఎద్దుమైలారం ఆర్డినెన్సు ఫ్యాక్టరీ ఆవరణలో నడిచి, పిమ్మట కందిలో సొంత ప్రాంగణానికి మారింది. దానికి జపాను సాయం పెద్దది. ఆ దేశపు సంస్థ జైకా ఇచ్చిన రుణంతో భవనాలు లేచాయి. ఇక్కడి విద్యార్థులు అక్కడికి, అక్కడి ఆచార్యులు ఇక్కడికి రాకపోకలు సాగిస్తున్నారు. రుద్రారంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే కర్మాగారం 2013లో తోషిబా చేతికి వచ్చింది. అదే రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయపు ప్రాంగణమూ ఉన్నది. సంగారెడ్డి తోవలో జపాను ముఖం కనబడితే ఇప్పుడెవరూ వెనుదిరిగి చూడరు.

విత్తనానికీ పాస్‌పోర్టే

ఇక్రిశాట్‌కు మనుషులకంటె ఎక్కువగా వచ్చే పరదేశులు విత్తనాలు. అక్కడి జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, ఇతర చిరుధాన్యాల రకాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. వందకు మించిన దేశాల నుంచి చేరినవవి. తరచు వాడేవాటిని నాలుగు డిగ్రీల చలిలోనూ, దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ ఇరవై డిగ్రీలలోనూ భద్రపరుస్తారు.

బయటి దేశపు విత్తనం నేరుగా మన చేలోకి పోవడానికి వీల్లేదు. దానితోపాటు ఏ తెగులో, ఏ పురుగో వస్తుందేమోనని ముందు పరీక్షిస్తారు. వేరుగా నాటి, మొలకెత్తిన మొక్కలను కనిపెట్టి చూసి, నిర్దోషి అని తేలాకే లోపలికి రానిస్తారు. ఏ దేశంలో, ఏ ఊళ్లో, ఎవరి చేలో దొరికింది అన్న వివరాలను శాస్త్రజ్ఞులు ఏమంటారో తెలుసునా? పాస్‌పోర్టు వివరాలు అంటారు! ఆ వివరాలు లేని విత్తనం విలువ సగం తగ్గినట్టే. మనిషికి ఈ పరీక్ష అంతకంటె తేలిక కాదని ఇప్పుడు చూస్తాం.

కాగితాల ముడి

ఆరు నెలలకు, అంటే 180 రోజులకు మించిన వీసా మీద వచ్చిన విదేశీయుడు సాధారణంగా దిగిన 14 రోజుల్లోగా తన పేరు నమోదు చేయించుకోవాలి. దీనికి ఎఫ్‌.ఆర్‌.ఆర్‌.ఓ. అనే కార్యాలయం ఉన్నది. 2018 నుంచి ఈ పని చాలామటుకు ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీదే చేసుకునే వీలు కలిగింది. 1939, 1946 నాటి పాత చట్టాల స్థానంలో కొత్తగా వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది.

గృహస్థులు గుర్తుంచుకోవలసింది ఏమంటే, పూచీ వచ్చినవాడి మీదే కాక ఇల్లిచ్చినవాడి మీద కూడా ఉన్నది. విదేశీయుణ్ణి ఇంట్లో దించుకుంటే, అద్దెకైనా, అతిథిగానైనా, 24 గంటల్లోగా ఆ వివరం ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇదీ కంప్యూటరు మీదే చేయవచ్చు. ‘మా అబ్బాయి స్నేహితుడే గదా, రెండు రోజులుండి పోతాడు’ అని ఊరుకోవడానికి లేదు. విదేశీ విద్యార్థుల వివరాలు కళాశాలలూ, వైద్యానికి వచ్చినవారి వివరాలు ఆసుపత్రులూ ఇదే తీరున ఇవ్వాలి.

తరువాత అసలు ముడి మొదలవుతుంది. బ్యాంకుకు పోతే చిరునామా రుజువు అడుగుతారు. చిరునామా కావాలంటే అద్దె ఒప్పందం కావాలి. అద్దె ఒప్పందానికి ఇంటివారు అడ్వాన్సు అడుగుతారు. అడ్వాన్సు పంపాలంటే బ్యాంకు ఖాతా కావాలి. అన్నిటికీ ఒక ఫోను నెంబరు కావాలి. ఆ నెంబరుకు మళ్లీ పాస్‌పోర్టు, వీసా, చిరునామా! ఈ దారప్పోగు కొస దొరికించుకునే ఉపాయం ఒక్కటే. ఉద్యోగమిచ్చిన సంస్థ నుంచి ‘ఈయన మా దగ్గర పనిచేస్తున్నాడు, ఫలానా చోట ఉంటున్నాడు’ అని ముద్రతో ఒక ఉత్తరం మొదటి రోజే తీసుకోవడం. ఆ ఒక్క కాగితం చూపిస్తే తక్కిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి.

ఆధార్ మన పౌరులకే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గడిచిన పన్నెండు నెలల్లో 182 రోజులు ఈ దేశంలో ఉన్న విదేశీయుడు కూడా దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంకొక చిక్కు పేరు. మన ఫారాలన్నిటిలోనూ తండ్రి పేరు, లేదా భర్త పేరు అడుగుతారు. పరదేశికి ఇది విచిత్రంగా తోస్తుంది. నలభై ఏళ్ల శాస్త్రజ్ఞురాలిని పట్టుకుని నీ తండ్రి ఎవరని ఎందుకడుగుతారో ఆమెకు బోధపడదు. మనకు ఇంటిపేరు ముందూ, వారికి వెనుకా. రెండు కాగితాల మీద పేరు రెండు రకాలుగా పడిందంటే ఇక తిరుగుళ్లే. పాస్‌పోర్టులో ఏ వరసన ఉంటే అక్షరం పొల్లుపోకుండా అదే వరసన అన్నిచోట్లా రాయించుకోవడం క్షేమం.

ఇల్లు, బడి

ఇక్రిశాట్ ప్రాంగణంలో నివాసాలు ఉన్నాయి. తక్కినవారిలో కొందరు కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఉంటారు. (ఇది హైదరాబాదు కొండాపూర్, నాణేలు దొరికిన కొండాపూర్ వేరు.) మరికొందరు బీరంగూడ, అమీన్‌పూర్, తెల్లాపూర్ వైపు కొత్తగా లేచిన కాలనీలలో ఇళ్లు తీసుకుంటారు. అమీన్‌పూర్ చెరువుకు ఒక ఘనత ఉన్నది. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో అక్కడ దిగే పక్షుల్లో కొన్ని వేల మైళ్ల దూరం నుంచి వస్తాయి. వాటికి వీసా లేదు!

అద్దె ఒప్పందం ఇక్కడ పదకొండు నెలలకు రాసుకోవడం వాడుక. ఏడాదికి మించిన కౌలునామా రిజిస్టరు చేయించి తీరాలి గనుక, ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఈ పదకొండు నెలల ఏర్పాటు పుట్టింది. పరదేశికి ఇది తెలియక, పన్నెండో నెలలో వెళ్లగొడతారేమోనని దిగులుపడతాడు. ‘మళ్లీ రాసుకుందాం లెండి’ అని ముందే చెబితే అతను నిశ్చింతగా నిద్రపోతాడు. అడ్వాన్సు ఎంత, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు, మాంసం వండుకోవచ్చునా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు అన్న నాలుగు సంగతులూ మొదటి రోజే నోటితో అనుకుని కాగితం మీద రాసుకోవాలి. మొహమాటానికి పోయి మాట్లాడకపోతే ఆనక మనస్పర్థలు తప్పవు.

పిల్లల చదువు సంగతి ఇక్రిశాట్ పుట్టిన రోజుల్లోనే ఆలోచించారు. ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫ్ హైదరాబాద్ 1972లోనే, సంస్థతోపాటే మొదలయింది. తండ్రి ఉద్యోగం మారి మూడేళ్లకు మరో ఖండానికి పోవలసిన పిల్లవాడికి, ఎక్కడికి పోయినా అతికే చదువు కావాలి గదా. రాష్ట్రపు సిలబసులో చేర్చితే మంచిదా, అంతర్జాతీయ బడిలోనా అన్నది తల్లిదండ్రులు ఇక్కడ ఎన్నేళ్లుంటారో లెక్కవేసుకుని తేల్చుకోవలసిన మాట.

ముందు నీళ్లు అడగండి

ఈ ప్రాంతానికి ఎవరు వచ్చినా, దేశీయుడైనా విదేశీయుడైనా, ఇల్లు చూడబోయినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న నీళ్లు ఎక్కడివి అన్నది. మంజీర నీళ్లా? మిషన్ భగీరథ గొట్టమా? బోరా? ట్యాంకరా? నాలుగింటికీ తేడా ఉన్నది.

సంగారెడ్డి పక్కన మంజీర మీద కట్టిన బ్యారేజి హైదరాబాదుకు దశాబ్దాలుగా తాగునీరు ఇచ్చింది. ఆ జలాశయంలో మొసళ్లు ఉండడం వల్ల దానిని అభయారణ్యంగా కాపాడుతున్నారు. ఆ నది ఇంత దగ్గరగా ఉన్నా, పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల పల్లెల బావులు మాత్రం పాడయ్యాయి. 1970ల నుంచి ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. వాటి వ్యర్థజలం నక్కవాగులో కలిసి చేలమీద పారింది. పటాన్‌చెరులో వైద్యవృత్తి చేస్తూ, తన దగ్గరికి వచ్చే రోగులను చూసి ఈ కాలుష్యం మీద పోరాటానికి దిగిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు పేరు ఇక్కడివారందరికీ తెలుసు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఈ సంగతిని ప్రపంచానికి లెక్కలతో చూపినవారిలో పరదేశులూ ఉన్నారు. స్వీడను శాస్త్రజ్ఞుడు యోకిం లార్సన్ బృందం పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని తేలింది. మందు పుచ్చుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకంటె అది ఎక్కువ! అటువంటి నీటిలో పెరిగే సూక్ష్మక్రిములు మందుకు లొంగని మొండిఘటాలుగా తయారవుతాయన్న భయం ఆ పరీక్షతో దేశదేశాల్లో చర్చకు వచ్చింది. ఆ తరువాత శుద్ధిచేసిన వ్యర్థజలాన్ని అంబర్‌పేట దాకా తీసుకుపోయే పైపులైను వేశారు. కాని ఒకసారి భూమిలోకి దిగినది పైపులైనుతో తిరిగి రాదు.

అందుచేత కొత్తవారికి సలహా ఇది. బోరునీళ్లు ఎంత తేటగా కనిపించినా పరీక్ష చేయించకుండా తాగరాదు. మరగకాస్తే క్రిములు చస్తాయి గాని, నీళ్లలో కరిగిన ఉప్పులూ, రసాయనాలూ పోవు. తాగడానికీ వంటకూ వేరే నీళ్ల ఏర్పాటు ఉండాలి. ఈ మాట ఇంటివారే ముందుగా చెప్పడం మర్యాద. అద్దెకు రాడేమోనని దాచిపెడితే, అతని పిల్లలకు జబ్బు చేసినప్పుడు ఆ దాచిన మాటే మన మెడకు చుట్టుకుంటుంది.

కరెంటు, రోడ్డు, ఎండ

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. జపానులో 100, అమెరికాలో 120. తోక్యోలో కొన్న బియ్యం కుక్కరు తెచ్చి కందిలో పెట్టి స్విచ్చి వేస్తే ఒక్క క్షణంలో పొగ వస్తుంది. అన్నం మటుకు రాదు. పరికరం వెనుక ఎన్ని వోల్టులని రాసి ఉన్నదో చూసుకోవాలి. 100 నుంచి 240 దాకా అని ఉంటే భయం లేదు. లేకపోతే ఆ వస్తువు అక్కడే అమ్మి రావడం మేలు.

రోడ్డు సంగతి చెప్పనక్కరలేదు. ఇది 65వ నెంబరు జాతీయ రహదారి. పుణె నుంచి మచిలీపట్నం పోతుంది. పాతవారు దీనిని ఇంకా 9వ నెంబరనే అంటారు. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం. అమెరికావారికీ ఐరోపావారిలో చాలామందికీ కుడివైపు అలవాటు. పైగా ఇక్కడ ఎడమవైపు నడిపేవాడికి ఎదురుగా, అదే వైపున, మోటారు సైకిలు రావడం మామూలే. అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్టు ఏడాదికి మించి చెల్లదు. ఆ ఏడాదిలో కొన్నాళ్లు డ్రైవరును పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని మన రోడ్ల స్వభావం నేర్చుకుని, పిమ్మట స్థానిక లైసెన్సు తీసుకోవడం వివేకం. ప్రమాదమో, అనారోగ్యమో సంభవిస్తే 108కి ఫోను చేయాలన్న సంగతి మాత్రం మొదటి రోజే చెప్పి ఉంచాలి.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుందని వినే వస్తారు. కాని చలి ఉంటుందని ఎవరూ చెప్పరు. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ నమోదయిందని పత్రికలు రాసినప్పుడు పటాన్‌చెరు పేరు తరచు వస్తుంది. ఉన్నిబట్టలన్నీ స్వదేశంలో పంచిపెట్టి వచ్చినవారు ఇక్కడ దుప్పట్ల కోసం బజారు తిరుగుతారు!

మాట, మర్యాద, రొట్టె

భాష దగ్గర పరదేశికి రెండు తెలుగులు, ఒక ఉర్దూ ఎదురవుతాయి. పుస్తకం చూసి ‘ఎలా ఉన్నారు?’ అని నేర్చుకుని వస్తే, కూరగాయలమ్మే అవ్వ ‘మంచిగున్నవా బిడ్డా?’ అంటుంది. ఆటో అతను దక్కనీలో ‘నక్కో’ అంటాడు, అంటే వద్దని. రెండూ ఈ నేల మాటలే. మొదట నేర్చుకోవలసినవి పది మాటలు చాలు: అన్న, అక్క, అమ్మ, ఎంత, వద్దు, చాలు, నీళ్లు, ఆపు, మెల్లగా, పైలం. ఈ చివరి మాట ప్రత్యేకం. ప్రయాణమై పోయేవాడితో ‘పైలం’ అంటే జాగ్రత్త అని అర్థం. ఆ మాట పరదేశితో ఎవరైనా అన్నారంటే అతను ఊరివాడయినట్టే లెక్క.

తల అడ్డంగా, వయ్యారంగా ఊపడం అవునా కాదా అన్నది ఇంకొక గండం. ‘రేపు వస్తా’ అన్న ప్లంబరు మాట మరొకటి. రేపు అంటే ఇక్కడ తేదీ కాదు, సద్భావన. ‘ఎన్ని గంటలకు?’ అని అడిగి, పొద్దున ఫోనుచేసి గుర్తు చేస్తే వస్తాడు. పేరు పెట్టి పిలవడం పరదేశికి స్నేహం. మనకు పెద్దవారి విషయంలో అమర్యాద. పనిమనిషిని అమ్మా అనీ, వాచ్‌మన్‌ను అన్నా అనీ పిలిస్తే సగం పనులు వాటంతటవే అవుతాయి.

భోజనం దగ్గర మాత్రం ఒక చిత్రముంది. ఇక్రిశాట్‌లో పరిశోధించే పంటలు ఏవి? జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, రాగి. మన వంటింటి డబ్బాల్లో ఉండేవి అవే! జొన్న మొక్క వంశచరిత్ర తెలిసిన శాస్త్రజ్ఞుడికి, ఆ జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి నీళ్లు రాసి కాల్చే తీరు మన ఇల్లాలికే తెలుసు. వేడి జొన్నరొట్టె, పప్పు, పల్లీల పచ్చడి పెట్టి ఒక పూట భోజనానికి పిలిస్తే కాగితాలు చేయలేని పని ఆ భోజనం చేస్తుంది. కారం మటుకు సగం తగ్గించండి.

ఇంట్లో మిగిలినవారు

ఉద్యోగానికి వచ్చిన మనిషికి ఆఫీసు ఉన్నది. పిల్లలకు బడి ఉన్నది. వెంట వచ్చిన భార్య, లేదా భర్త సంగతి ఏమిటి? తోడుగా వచ్చేవారికి మామూలుగా ఇచ్చే వీసా మీద ఉద్యోగం చేయకూడదు. తన దేశంలో టీచరో, నర్సో అయిన మనిషి ఇక్కడ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నాలుగు గోడల మధ్య ఉండిపోవాలి. బయటికి పోదామంటే రోడ్డు మీద లారీలు. మాట్లాడదామంటే భాష రాదు. మూడేళ్లకని వచ్చినవారు ఏడాదికే మూటాముల్లె సర్దుకునేలా చేసేది ఎండా కాదు, కారమూ కాదు. ఈ ఒంటరితనమే.

ఇది మన ఇళ్లలో తెలియని కథ కాదు. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన మన అమ్మాయిలు ఎందరో, ఇంజనీరింగు చదువులు చదివి కూడా, ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నారు. 2015 నుంచి వారిలో కొందరికి ఉద్యోగం చేసే వీలు కలిగింది. అక్కడ మన అమ్మాయిని పక్కింటి తెల్లామె పలకరించిందంటే మనం ఎంత సంతోషించాం! ఇక్కడ ఆ పక్కిల్లు మనదే. బతుకమ్మ పేర్చేటప్పుడు పిలవండి. తంగేడు పూలు ఎలా పేర్చాలో చేతితో చూపవచ్చు, భాష అక్కరలేదు. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగడానికీ ఏ వీసా అవసరం లేదు.

దగ్గరి పరదేశులు

పటాన్‌చెరు గురించి ఇంతటితో ఆపితే సగమే చెప్పినట్టు. ఇక్కడ అందరికంటె ఎక్కువ సంఖ్యలో ఉన్న పరాయివారు విదేశీయులు కారు. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాలు నుంచి వచ్చిన కార్మికులు. పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం గల్లీల్లో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు కలిసి ఉంటారు. నీళ్లు ఎక్కడివి, అద్దె ఎంత, జ్వరం వస్తే ఏ డాక్టరు, పిల్లవాడిని ఏ భాష బడిలో వేయాలి? వీరి ప్రశ్నలూ అవే. వీరికి ఉత్తరం ఇచ్చి పంపే సంస్థ మాత్రం చాలాసార్లు ఉండదు. మధ్యలో కాంట్రాక్టరు ఉంటాడు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. దేహాలను గుర్తుపట్టడానికి డి.ఎన్‌.ఎ. పరీక్షలు చేయవలసివచ్చింది. ఊరినుంచి పరుగెత్తుకు వచ్చిన బంధువులు ఆసుపత్రికీ ఫ్యాక్టరీకీ మధ్య రోజుల తరబడి తిరిగారు.

వేరే దేశం నుంచి వచ్చిన మనిషి మన ఇంట్లో దిగితే 24 గంటల్లో అతని పేరు ఒక పుస్తకంలోకి ఎక్కాలన్నది చట్టం. దేశం దాటి వచ్చిన విత్తనానికి ఊరూ పేరూ ఉన్న చీటీ ఉంటుంది. పక్క రాష్ట్రం నుంచి వచ్చి మన మేడమీది గదిలో ఉంటున్న కుర్రవాడి ఇంటి చిరునామా, అతని తండ్రి ఫోను నెంబరు మన దగ్గర ఉన్నాయా? చాలా ఇళ్లలో ఉండవు. నెలాఖరున అద్దె వచ్చిందా లేదా అన్నదే చూసుకుంటాం.

ఇందుకు ఏ కార్యాలయానికీ పోనక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు. ఎవరు వచ్చి దిగినా, జపాను ఇంజనీరైనా, బీహారు కూలివాడైనా, ఊరు, పేరు, పనిచేసే చోటు, ఇంటివారి ఫోను నెంబరు రాసుకోండి. వారి దగ్గర మీ నెంబరు ఉంచండి. తాగే నీళ్లు ఏవో చూపించండి. దగ్గరలో ఉన్న డాక్టరెవరో, 108 ఎప్పుడు పిలవాలో చెప్పండి. పిల్లలుంటే బడి ఎక్కడో చెప్పండి. మొత్తం పావుగంట పని. దూరదేశంలో మన అబ్బాయికో, అమ్మాయికో ఎవరో ఒకరు ఈ పావుగంట ఖర్చుపెట్టే ఉంటారు. ఆ లెక్క ఇక్కడ తీర్చుకోవచ్చు.